నో-కోడ్ యాప్‌లో బయటి కాంపొనెంట్లు: ఎంతవరకు నమ్మాలి, పాడైతే ఎవరిని అడగాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కోడ్ రాయకుండా యాప్‌లు చేసుకునే నో-కోడ్ ప్లాట్‌ఫారమ్ మీద ఒక బుకింగ్ యాప్ చేశారు. ప్లాట్‌ఫారమ్‌తో వచ్చే క్యాలెండర్ సరిపోక, మార్కెట్‌ప్లేస్‌లో ఇంకెవరో పెట్టిన క్యాలెండర్ కాంపొనెంట్ (యాప్‌లో పెట్టుకునే రెడీమేడ్ ముక్క) కొన్నారు. పుష్ నోటిఫికేషన్ల కోసం ఇంకొకరి ఉచిత ప్లగిన్ (అలాంటిదే, యాప్‌కి కొత్త పని చేర్చే ముక్క) పెట్టారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. మొన్న యాప్ మళ్ళీ పబ్లిష్ చేశాక ఆండ్రాయిడ్ ఫోన్లలో క్యాలెండర్ ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ కనిపిస్తోంది, నోటిఫికేషన్లు కొందరికి వెళ్ళడం లేదు. కాంపొనెంట్ చేసినాయన మెయిల్‌కి జవాబు ఇవ్వడం లేదు. ప్లాట్‌ఫారమ్ సపోర్ట్ వాళ్ళేమో "అది మేం చేసింది కాదు" అని టికెట్ మూసేశారు. అసలు ఇలాంటివి వాడొచ్చా, వాడితే ఏది నమ్మదగినదో ముందే ఎలా తెలుస్తుంది అని మీ ప్రశ్న.

వాడొచ్చు. నేను చేసే యాప్‌లలో బయటి కాంపొనెంట్ ఒక్కటీ లేనివి చాలా తక్కువ. కానీ నేను పెట్టుకున్న షరతు ఒకటుంది: ఆ కాంపొనెంట్ రేపు పొద్దున్నే పని చేయడం మానేస్తే యాప్ కళ తప్పాలే గానీ, యాప్ ఆగిపోకూడదు. ఆగిపోయే చోట పెట్టక తప్పదంటే రెండింటిలో ఒకటి ఉండాలి. డబ్బు తీసుకుని, సపోర్ట్ చేస్తామని రాతపూర్వకంగా చెప్పినవాళ్ళ దగ్గరే అది తీసుకోవాలి. లేదా దాని స్థానంలో ఏం పెడతామో, దాన్ని పెట్టకముందే తేల్చుకుని ఉండాలి. స్టార్ రేటింగులు, ఇన్‌స్టాల్ లెక్కలు ఈ రెండింటి తర్వాతే.

ముందు మీ యాప్ సంగతి చూద్దాం, ఎందుకంటే టెన్షన్ అక్కడే ఉంది.

పాడైంది క్యాలెండరా, క్యాలెండర్‌కి మీరిచ్చే డేటానా, రెండింటి కింద ఉన్న ప్లాట్‌ఫారమా అన్నది తేలకుండా ఎవరికి మెయిల్ రాసినా పని జరగదు. ఒక కొత్త ఖాళీ ప్రాజెక్ట్ తెరవండి. ఒకే స్క్రీన్, అందులో ఆ క్యాలెండర్ ఒక్కటే. మీ డేటాబేస్ కలపకండి, చేత్తో టైప్ చేసిన రెండు మూడు తేదీలు ఇవ్వండి. ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి. అక్కడ క్యాలెండర్ కనిపించిందంటే తప్పు చాలామటుకు డేటాదే. ముగింపు సమయం నింపకుండా వదిలేసిన బుకింగ్ ఒక్కటుంటే చాలు, కొన్ని క్యాలెండర్లు మొత్తం గీయడమే మానేస్తాయి. ఇది నేను పదే పదే చూసిన సంగతి. డేటాబేస్‌లో ఆ కాలమ్ ఖాళీగా ఉన్న వరసలు వెతికి, వాటికి ఒక విలువ ఇచ్చి మళ్ళీ చూడండి.

ఖాళీ ప్రాజెక్ట్‌లో కూడా కనిపించకపోతే, ఎడిటర్ ప్రివ్యూలో కనిపిస్తోందా చూడండి. ప్రివ్యూ సాధారణంగా బ్రౌజర్‌లో నడుస్తుంది. ఫోన్‌లోకి వెళ్ళే బిల్డ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయడానికి తయారైన యాప్‌లో, ఆండ్రాయిడ్ కోసం విడిగా కట్టిన లైబ్రరీలు (రెడీమేడ్ కోడ్) ఉంటాయి. ప్రివ్యూలో బాగుండి బిల్డ్‌లో మాత్రమే పోతే, ప్లాట్‌ఫారమ్ తన బిల్డ్ పద్ధతిని మార్చిందనీ, కాంపొనెంట్ దానికి తగ్గట్టు మారలేదనీ దాదాపుగా అనుకోవచ్చు. మీరు "మళ్ళీ పబ్లిష్ చేశాక" అన్నారు చూడండి, అదే నాకు పెద్ద ఆధారం. పాత బిల్డ్ మీ వాడుకరుల ఫోన్లలో అలాగే నడుస్తూ వచ్చింది. కొత్తగా బిల్డ్ చేసిన రోజున ప్లాట్‌ఫారమ్ కొత్త ఎస్‌డీకేలు (యాప్ కట్టడానికి వాడే కోడ్ సామగ్రి), కొన్నిచోట్ల కాంపొనెంట్ల కొత్త వెర్షన్లు కూడా లాక్కొచ్చి కలుపుతుంది. మీరు ఒక బటన్ రంగు మార్చి పబ్లిష్ చేసినా లోపల చాలా మారి ఉంటుంది.

పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళే వీలుందేమో చూడండి. బబుల్ అనే నో-కోడ్ ప్లాట్‌ఫారమ్‌లో ప్లగిన్ల ట్యాబ్‌లో ఒక్కో ప్లగిన్‌కి ఏ వెర్షన్ కావాలో ఎంచుకోవచ్చు. మీ ప్లాట్‌ఫారమ్‌లో అలాంటిది ఉంటే, వెనక్కి తిప్పి నడిపించుకుంటూ శాశ్వతమైన పరిష్కారం చూసుకోవచ్చు. ఆ సౌకర్యం లేకపోతే ఈ వారానికి మామూలు లిస్ట్ పెట్టేయండి: తేదీ, సమయం, ఖాళీ ఉందో లేదో, ఒక బటన్. చూడ్డానికి బాగోకపోవచ్చు, కానీ బుకింగ్‌లు ఆగవు.

ఇక జవాబు రాని మెయిల్. కొన్ని ప్లగిన్లు నేనూ చేసి పెట్టాను కాబట్టి అవతలివైపు ఎలా ఉంటుందో చెప్తాను. ప్లగిన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగమో, ఇంకో పనో చేసుకుంటూ రాత్రిపూట ఇది చూసుకునేవాళ్ళే. "మీ కాంపొనెంట్ పని చేయట్లేదు, వెంటనే సరిచేయండి" అని వచ్చిన మెయిల్‌తో ఏమీ చేయలేం, అందుకే అది కిందకి జారిపోతుంది. జవాబు వచ్చే మెయిల్ ఇలా ఉంటుంది:

"ఖాళీ ప్రాజెక్ట్‌లో మీ క్యాలెండర్ ఒక్కటే పెట్టాను. వెబ్ ప్రివ్యూలో కనిపిస్తోంది. ఆండ్రాయిడ్ 14 ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసిన బిల్డ్‌లో తెల్లగా ఖాళీ వస్తోంది. ఆండ్రాయిడ్ 11 ఫోన్‌లో బాగానే ఉంది. ఈ నెల మొదటి వారంలో చేసిన బిల్డ్‌లో ఈ సమస్య లేదు. లాగ్‌లో వచ్చిన ఎర్రర్ వరస కింద అతికించాను. ప్రాజెక్ట్ చూడటానికి లింక్ ఇదిగో."

ఇందులో కోపం లేదు, ఊహ లేదు, అవతలివాడు పది నిమిషాల్లో తన దగ్గర అదే తప్పు రప్పించుకోగలిగే వివరం ఉంది. ఇదే మెయిల్‌ని ప్లాట్‌ఫారమ్ సపోర్ట్‌కి కూడా పంపండి, ఒక్క వాక్యం కలిపి: "పాత బిల్డ్‌లో పని చేసిన కాంపొనెంట్ కొత్త బిల్డ్‌లో పని చేయడం లేదు, ఈ మధ్య మీ బిల్డ్ పద్ధతిలో ఏం మారింది?" కాంపొనెంట్ గురించి అడిగితే టికెట్ మూస్తారు. తమ బిల్డ్ గురించి అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్ళది.

ఇప్పుడు పెద్ద ప్రశ్నకి వద్దాం. నో-కోడ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఒకటే: కాంపొనెంట్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా అది పాడవుతుంది. బాగా రాసిన కోడ్ కదా, మార్చకపోతే అలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ అది ఎన్నో వాటి మీద ఆధారపడి నిలబడి ఉంది, అవన్నీ కదులుతూనే ఉంటాయి.

మీ నోటిఫికేషన్ల సంగతే తీసుకోండి. ఆండ్రాయిడ్‌కి వెళ్ళే పుష్ నోటిఫికేషన్లలో చాలా భాగం గూగుల్ వాళ్ళ ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అనే సేవ గుండా వెళ్తాయి. 2023 జూన్‌లో గూగుల్ దాని పాత ఏపీఐకి (ఇతర ప్రోగ్రాములు ఆ సేవతో మాట్లాడే మార్గానికి) కాలం చెల్లిందని ప్రకటించి, 2024 మధ్యలో మూసేయడం మొదలుపెట్టింది. పాత పద్ధతిలో ఒక సర్వర్ కీ (పాస్‌వర్డ్ లాంటి అక్షరాల వరస) అతికిస్తే సరిపోయేది. కొత్త పద్ధతిలో సర్వీస్ అకౌంట్ (మనిషి కాక ప్రోగ్రాము వాడే ఖాతా) పెట్టుకుని, కొద్దిసేపే చెల్లే టోకెన్లు, అంటే తాత్కాలిక అనుమతులు, తీసుకుంటూ ఉండాలి. అంటే ప్లగిన్‌ని తిరిగి రాయాలి. రాసినవాళ్ళ ప్లగిన్లు బతికాయి, పట్టించుకోనివాళ్ళవి పోయాయి. దీనికి తోడు 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపించాలంటే వాడుకరి అనుమతి అడగాలి. మీకు "కొందరికి" మాత్రమే వెళ్ళడం లేదంటే నా మొదటి అనుమానం ఈ అనుమతి మీదే. నోటిఫికేషన్లు రానివాళ్ళలో ఎక్కువమంది ఫోన్లు ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లవేనా అని చూడండి. అవునంటే ప్లగిన్ ఆ అనుమతిని సరిగ్గా అడగడం లేదన్నమాట. ఎవరికీ వెళ్ళకపోతే మాత్రం పాత ఏపీఐ మీద అనుమానపడాలి.

ఫైళ్ళ విషయంలోనూ ఇదే జరిగింది. ఆండ్రాయిడ్ 10, 11 వెర్షన్లతో ఫోన్ స్టోరేజ్‌లో యాప్‌లు ఇష్టం వచ్చిన చోట చదవడం, రాయడం కుదరకుండా పోయింది. ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ లాంటి నో-కోడ్ ప్లాట్‌ఫారమ్‌లకు వాడుకరులు రాసి పంచుకున్న, ఫైళ్ళు చదివే, రాసే ఎక్స్‌టెన్షన్లు (ప్లగిన్ల లాంటివే) ఎన్నో ఆ దెబ్బకి పనికిరాకుండా పోయాయి. యాప్ లోపలి వెబ్‌వ్యూలో (యాప్‌లోనే ఉండే చిన్న బ్రౌజర్‌లో) గూగుల్ లాగిన్ పేజీ తెరిచే ప్లగిన్లూ అంతే: భద్రత కోసం గూగుల్ 2021లో వెబ్‌వ్యూల్లో తన లాగిన్‌ని ఆపేసింది. అప్పటిదాకా చక్కగా పనిచేసిన బటన్ నొక్కితే 403 ఎర్రర్, అంటే అనుమతి లేదని.

ప్లే స్టోర్ నియమాలు వీటన్నిటికంటే క్రమం తప్పకుండా వచ్చే ఒత్తిడి. ఏటా ఆగస్టు 31 దగ్గర పడేసరికి కొత్త యాప్‌లు, అప్‌డేట్లు కొత్త ఆండ్రాయిడ్ స్థాయిని లక్ష్యంగా పెట్టుకోవాలి. 2024లో అది ఏపీఐ లెవెల్ 34 (ఆండ్రాయిడ్ 14), 2025లో 35 (ఆండ్రాయిడ్ 15). 2025 నవంబర్ 1 నుంచి ఇంకొకటి కలిసింది: ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోన్ మెమరీని పంచే ముక్కలకు) సరిపడేలా ఉండాలి. లోపల నేటివ్ లైబ్రరీలు (నేరుగా ఫోన్ ప్రాసెసర్ కోసం కట్టిన కోడ్) ఉన్న కాంపొనెంట్లకు, అంటే కెమెరా, వీడియో, పీడీఎఫ్, స్కానర్ లాంటి వాటికి, ఇది నేరుగా తగులుతుంది. చేసినవాళ్ళు లైబ్రరీని మళ్ళీ కట్టి ఇవ్వకపోతే మీ యాప్ అప్‌డేట్ స్టోర్‌లోకే వెళ్ళదు. యాపిల్ వైపు చూస్తే, 2024 మే 1 నుంచి విస్తృతంగా వాడే కొన్ని ఎస్‌డీకేలకు ప్రైవసీ మేనిఫెస్ట్ (ఏ సమాచారం తీసుకుంటుందో చెప్పే ఫైల్) తప్పనిసరి చేశారు. ఇవేవీ నో-కోడ్ ఎడిటర్‌లో మీకు కనిపించవు. కాంపొనెంట్ పెట్టెలో పేరు, బొమ్మ అలాగే ఉంటాయి.

మీరు కొన్న కాంపొనెంట్ కూడా ఇంకెవరో రాసి పంచుకున్న కోడ్ కట్టల, అంటే ప్యాకేజీల, మీదే కట్టి ఉంటుంది. 2016 మార్చిలో ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరసల ప్యాకేజీని దాన్ని రాసినతను తీసేస్తే, దానితో సంబంధమే లేదనుకున్న పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని మొదటి రచయిత, చూసుకుంటానని ముందుకొచ్చిన ఒక అపరిచితుడికి అప్పజెప్పాడు. అతను అందులోకి బిట్‌కాయిన్ వాలెట్ నుంచి దొంగిలించే కోడ్ చేర్చాడు. 2024లో పాలీఫిల్ డాట్ ఐఓ అనే డొమైన్ చేతులు మారింది. కొన్ని నెలలకే అక్కడి నుంచి స్క్రిప్ట్ లోడ్ చేసుకునే లక్షకు పైగా సైట్లకు హానికరమైన కోడ్ వెళ్తోందని బయటపడింది. ఆ సైట్ల యజమానులు చేసిన తప్పేమీ లేదు, ఎప్పుడో ఒక వరస అతికించి ఊరుకున్నారు. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌లో ఎక్కడి నుంచో తెచ్చిన స్క్రిప్ట్ లింక్ అతికించే అలవాటు నో-కోడ్ వాళ్ళలో ఎక్కువ. మీ యాప్‌లో అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో ఈ రోజే చూసుకోండి.

మరి బాధ్యత ఎవరిది? చట్టపరంగా చూస్తే చాలాసార్లు ఎవరిదీ కాదు. ఉచిత కోడ్‌కి ఎక్కువగా వాడే ఎంఐటీ లైసెన్స్‌లోనే "ఉన్నది ఉన్నట్టుగా, ఏ హామీ లేకుండా" ఇస్తున్నామని రాసి ఉంటుంది. మార్కెట్‌ప్లేస్ షరతుల్లో కూడా దాదాపు ఇదే అర్థం వచ్చే మాటలుంటాయి. మార్కెట్‌ప్లేస్‌లో కనిపించింది కాబట్టి ప్లాట్‌ఫారమ్ వాళ్ళు దాన్ని పరీక్షించి ఉంటారనుకోవద్దు. కొన్నిచోట్ల పరిశీలిస్తారు. కానీ ఆ పరిశీలన కాంపొనెంట్‌ని అక్కడ పెట్టిన రోజు సంగతి, రెండేళ్ళ తర్వాతి సంగతి కాదు. పైగా వాడుకరి సమాచారం విషయంలో జవాబుదారీ మీరే. మీ యాప్‌లోని బయటి ఎస్‌డీకే ఏం సేకరించినా, ప్లే స్టోర్ డేటా సేఫ్టీ ఫారంలో దాన్ని చెప్పాల్సింది మీరే అని గూగుల్ స్పష్టంగా అంటుంది.

ఒక్కసారి కొంటే ఎప్పటికీ మీదే అనే కాంపొనెంట్లు చవగ్గా అనిపిస్తాయి. కానీ ఆ డబ్బు మొదటి రోజే అయిపోతుంది, పైన చెప్పిన మార్పులన్నీ ఏటా వస్తూనే ఉంటాయి. కొత్తగా కొనేవాళ్ళు తగ్గిన రోజున దాన్ని సరిచేస్తూ కూర్చోవడానికి చేసినవాడికి కారణం మిగలదు. అందుకే యాప్‌కి కీలకమైన చోట నెలవారీ చందా ఉన్నదానికే నేను మొగ్గు చూపుతాను. చందా ఆగిపోతుందన్న భయం వాళ్ళకు ఉంటుంది, అది నాకు పనికొస్తుంది. ఉచితమైనవాటిని తీసిపారేయను. కోడ్ బయట పెట్టిన ఉచిత ప్లగిన్, కోడ్ మూసిపెట్టి అమ్మేదానికంటే చాలాసార్లు మేలు. బబుల్‌లో ఎంఐటీ లైసెన్స్‌తో ఇచ్చిన ప్లగిన్ల లోపల ఏముందో చూడొచ్చు, కాపీ తీసుకుని మన పేరు మీద మార్చుకోవచ్చు. కోడ్ మనకు రాకపోయినా, వచ్చినవాళ్ళకు కొద్ది గంటల పనిస్తే బతికించగలరు. కోడ్ మూసి ఉండి, చేసినవాడు మాయమైతే మాత్రం ఆశలు వదులుకోవాల్సిందే.

కొనేముందు నేను చూసేవి చెప్తాను. అయిదు నక్షత్రాల రివ్యూల్లో ఎక్కువ భాగం ఇన్‌స్టాల్ చేసిన మొదటి వారంలో రాసినవి. కాంపొనెంట్ రెండేళ్ళు నిలబడుతుందా లేదా అన్నది వాటిలో ఉండదు. నేను చూసేది చివరి అప్‌డేట్ తేదీని, ప్లాట్‌ఫారమ్‌లోనో ఆండ్రాయిడ్‌లోనో వచ్చిన చివరి పెద్ద మార్పు తేదీతో పోల్చి. మార్పు తర్వాత అప్‌డేట్ వచ్చిందంటే ఎవరో చూసుకుంటున్నారు. వర్డ్‌ప్రెస్ ప్లగిన్ డైరెక్టరీలో ఈ పని మన తరఫున వాళ్ళే కొంత చేస్తారు: గత మూడు ప్రధాన వెర్షన్లతో పరీక్షించని ప్లగిన్ పేజీ పైన ఆ హెచ్చరిక పెడతారు. ఫ్లటర్‌ఫ్లో అనే ప్లాట్‌ఫారమ్‌లో బయటి ప్యాకేజీ కలుపుతుంటే, అలాంటి ప్యాకేజీలు ఉండే పబ్ డాట్ డెవ్ సైట్‌లో దాని పేజీ తెరవండి. ప్రచురించినవాళ్ళు ధ్రువీకరించినవాళ్ళేనా, పేరు పక్కన డిస్‌కంటిన్యూడ్ (ఇక చూసుకోవడం లేదు) అని ఉందా, ఏ ఏ ప్లాట్‌ఫారమ్‌లకు పనిచేస్తుంది అన్నవి అక్కడే ఉంటాయి. యాప్ ఇన్వెంటర్ ఎక్స్‌టెన్షన్ అయితే సోర్స్ కోడ్ ఇచ్చారా లేక ఏఐఎక్స్ ఫైల్ (ఇన్‌స్టాల్ చేసుకునే తయారైన ఎక్స్‌టెన్షన్) ఒక్కటే ఇచ్చారా చూడండి.

ఆ తర్వాత ప్రశ్నలు, జవాబుల పేజీ చదువుతాను, కిందనుంచి పైకి. చివర అడిగిన నాలుగైదు ప్రశ్నలకు జవాబులున్నాయా? "వచ్చే వెర్షన్‌లో సరిచేస్తాం" అన్న మాట తర్వాత ఆ వెర్షన్ నిజంగా వచ్చిందా? మార్పుల చిట్టాలో అన్నీ కొత్త ఫీచర్లే ఉండి, తప్పులు సరిదిద్దిన వరసలు అసలు లేకపోతే నాకు నమ్మకం తగ్గుతుంది. కొత్తవి చేర్చడం అందరికీ ఇష్టం, పాతవి బాగుచేయడంలోనే మనిషి సంగతి తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే పరీక్ష చాలా చిన్నది: కొనకముందే ఒక నిజమైన ప్రశ్న పంపండి. "మీ క్యాలెండర్‌లో వాడుకరి టైమ్ జోన్ మారితే బుకింగ్ సమయం ఎలా చూపిస్తుంది?" లాంటిది. డబ్బు ఇవ్వబోతున్న మనిషికే వారం దాకా జవాబు రాకపోతే, ఇచ్చేశాక వస్తుందని ఎలా అనుకుంటాం? జవాబు "లేదు, అది ఇంకా చేయలేదు" అని వచ్చినా నాకు సంతోషమే, తన కాంపొనెంట్ హద్దులు తనకు తెలుసన్నమాట.

ఎక్కడ పెట్టాలన్నది ఎంత మంచిదన్నదానికంటే ముఖ్యం. అందానికి పెట్టేవి, అంటే స్లైడర్లు, యానిమేషన్లు, చార్టులు, పెద్దగా ఆలోచించకుండా పెట్టేయండి, పోతే తీసేద్దాం. లాగిన్, చెల్లింపులు, డేటా దాచే చోటు మాత్రం వేరే. లాగిన్‌కి ప్లాట్‌ఫారమ్ ఇచ్చేదే వాడండి. చెల్లింపులకు ఆ చెల్లింపు సంస్థే స్వయంగా చేసిన ప్లగిన్, లేదా నేరుగా వాళ్ళ ఏపీఐ. స్ట్రైప్ లాంటి సంస్థలు తమ ఏపీఐ వెర్షన్లకు తేదీలు పెట్టి, మీ అకౌంట్‌ని ఒక వెర్షన్‌కి కట్టేసి ఉంచుతాయి. వాళ్ళు కొత్తది తెచ్చినా, మీరు కావాలని మారేవరకు మీది కదలదు. మధ్యలో ఎవరో చేసిన ప్లగిన్ ఉంటే ఈ స్థిరత్వం చేతులారా పోగొట్టుకున్నట్టే.

డేటా గురించి ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. ఒక క్లయింట్ యాప్ బాగుచేయమని నా దగ్గరికి వచ్చింది. అందులోని షెడ్యూలర్ కాంపొనెంట్ తన డేటా మొత్తాన్ని ఒకే టెక్స్ట్ ఫీల్డ్‌లో దాచేది. వాడుకరి వరస తెరిస్తే "ప్లాన్" అనే గడిలో స్క్రీన్ నిండా పొడవాటి జేసన్ (డేటాను ఒకే అక్షరాల వరసగా రాసే పద్ధతి): బుకింగ్‌లు, రంగులు, ఏ బటన్ ఎక్కడుంది, అన్నీ కలగలిసి. తేదీలు కూడా అంకెల రూపంలో, ఏ టైమ్ జోన్‌వో చెప్పకుండా. కాంపొనెంట్ ఆగిపోయిన రోజున బుకింగ్‌లు డేటాబేస్‌లో ఉన్నట్టే, కానీ వాటిని ఏ లిస్ట్‌లోనూ చూపించలేం, తేదీ వారీగా వెతకలేం. ఆ పోగు విడదీసి బుకింగ్‌ల పట్టిక కట్టడం, కొత్త క్యాలెండర్ పెట్టడం కంటే ఎన్నో రెట్లు పెద్ద పనైంది. అందుకే ఏ కాంపొనెంట్ అయినా పెట్టేముందు నేను ఒక నమూనా వరస సేవ్ చేసి డేటాబేస్ తెరిచి చూస్తాను. నా పట్టికలో, నా కాలమ్‌లలో, మనిషి చదవగలిగే తేదీ కనిపించాలి. కనిపించకపోతే, లేదా డేటా ఆ డెవలపర్ సర్వర్‌కి వెళ్తుంటే, ఆ కాంపొనెంట్ వద్దు. మీరు కూడా ఇప్పుడే మీ డేటాబేస్ తెరిచి బుకింగ్‌లు ఎలా ఉన్నాయో చూడండి. విడివిడి కాలమ్‌లలో ఉంటే మీ సమస్య సగం చిన్నదైపోతుంది.

కాంపొనెంట్‌ని యాప్‌లో పది స్క్రీన్లలో విడివిడిగా పెట్టకండి. చాలా ప్లాట్‌ఫారమ్‌లలో మళ్ళీ మళ్ళీ వాడుకునే ఎలిమెంట్ చేసుకోవచ్చు. బయటి క్యాలెండర్‌ని అలాంటి ఒక్కదానిలో పెట్టి, మిగతా స్క్రీన్లు దాన్ని పిలిచేలా చేయండి. లోపలికి వెళ్ళేది తేదీల జాబితా, బయటికి వచ్చేది వాడుకరి ఎంచుకున్న తేదీ, అంతే. రేపు మార్చాల్సి వస్తే తలుపు ఒక్కటే కాబట్టి తాళం ఒక్కటే మార్చాలి. ఇలా చేయకపోతే కాంపొనెంట్ తీసేసిన క్షణంలో వర్క్‌ఫ్లోలన్నీ (ఏది నొక్కితే ఏం జరగాలో చెప్పే వరసలు) తప్పుందని ఎర్రగా మారతాయి, ఏది దేనికి కట్టి ఉందో వెతుక్కునేసరికి తల ప్రాణం తోకకి వస్తుంది.

కీల విషయం త్వరగా చెప్పేస్తాను. ప్లగిన్ సెట్టింగ్‌లో అతికించిన ఏపీఐ కీ ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో నడిచే భాగంలోకి వెళ్తే, కొంచెం తెలిసినవాళ్ళెవరైనా దాన్ని చూడగలరు. రహస్య కీని సర్వర్ వైపు మాత్రమే వాడే ప్లగిన్‌కే ఇవ్వండి. మ్యాప్‌ల కీ లాంటివి బయటకు కనిపించక తప్పదు కాబట్టి, వాటిని మీ డొమైన్‌కి, మీ యాప్‌కి పరిమితం చేయండి, రోజుకి ఇంత అని కోటా పెట్టండి. ప్లగిన్ మానేసిన రోజున దానికిచ్చిన కీని కూడా రద్దు చేయండి. చాలామంది ప్లగిన్ తీసేసి కీని మర్చిపోతారు.

కాంపొనెంటే వద్దనుకుంటే? చాలాసార్లు దానితో పనే ఉండదు. ప్లగిన్ చేసే పని ఒక ఏపీఐకి రిక్వెస్ట్ పంపి జవాబు తెచ్చుకోవడమే అయితే, మీ ప్లాట్‌ఫారమ్‌లోని ఏపీఐ కనెక్టర్‌తో మీరే చేసుకోండి. నేర్చుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆ తర్వాత ఇలాంటి ప్లగిన్లు చాలావరకు అక్కర్లేదు. నోటిఫికేషన్లు పంపే సర్వర్ వైపు పని ఒక చిన్న క్లౌడ్ ఫంక్షన్‌లో (ఇంటర్నెట్‌లోని సర్వర్ మీద నడిచే కోడ్ ముక్కలో) పెట్టుకోవచ్చు. బయటి కాంపొనెంట్ నిజంగా అవసరమయ్యేది స్క్రీన్ మీద కనిపించే సంక్లిష్టమైన వాటికి, ఫోన్ హార్డ్‌వేర్‌ని తాకేవాటికి.

ఇంకో సంగతి, ఇది వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది: ప్లాట్‌ఫారమ్ కూడా బయటివాళ్ళదే. యాప్‌లకు సర్వర్, డేటాబేస్ ఇచ్చే, ఫేస్‌బుక్ చేతిలోని పార్స్ సేవ మూసేస్తున్నట్టు 2016 జనవరిలో చెప్పి, 2017 జనవరిలో మూసేశారు. ఏడాది గడువిచ్చి, సర్వర్ కోడ్ బయట పెట్టారు కాబట్టి చాలామంది గట్టెక్కారు. యాప్‌లు చేసుకునే గూగుల్ యాప్ మేకర్ 2021 జనవరిలో ఆగిపోయింది. అందులో చేసిన యాప్‌లను వేరేచోటికి నేరుగా తరలించే వీల్లేకపోయింది, కానీ క్లౌడ్ ఎస్‌క్యూఎల్ అనే గూగుల్ డేటాబేస్‌లో ఉన్న డేటా మిగిలింది. రెండు సందర్భాల్లోనూ డేటా తమ చేతిలో ఉన్నవాళ్ళే మళ్ళీ నిలబడ్డారు. ప్లాట్‌ఫారమ్ ఎంచుకునేటప్పుడు డేటా మొత్తం ఎగుమతి చేసుకోవచ్చా, ఫ్లటర్‌ఫ్లోలోలాగా కోడ్ తీసుకెళ్ళే వీలుందా అని నేను అడిగేది అందుకే.

నిర్వహణకి నేను చేసేది పెద్దదేమీ కాదు. ప్రతి యాప్‌కి ఒక పేజీ ఉంటుంది: ఏ కాంపొనెంట్, ఏ వెర్షన్, ఎవరు చేశారు, ఎక్కడ అడగాలి, ఏ స్క్రీన్లో ఉంది, పోతే దాని బదులు ఏమిటి. చివరి గడి నింపలేకపోతే ఆ కాంపొనెంట్ పెట్టను. కొత్త వెర్షన్ వచ్చిందని అదే రోజు అప్‌డేట్ చేయను. యాప్ కాపీ ఒకటి తీసి అందులో ముందు చూస్తాను, ఒక కొత్త ఫోన్‌లో, ఒక పాత ఫోన్‌లో. జూన్, జూలై నెలల్లో ఒకసారి ఊరికే బిల్డ్ చేసి చూస్తాను. ఆగస్టు గడువుకి ఏది అడ్డొస్తుందో అప్పుడే తెలిస్తే డెవలపర్‌కి రాయడానికి, మార్చుకోవడానికి టైమ్ ఉంటుంది.

ఇక మీ రెండింటి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. నోటిఫికేషన్ ప్లగిన్ వదిలేయండి. అది ఉచితం, కింద ఉన్న సేవ మారింది. ప్లాట్‌ఫారమ్ సొంత నోటిఫికేషన్లుంటే వాటికి మారండి, లేకపోతే నోటిఫికేషన్లు పంపే వన్‌సిగ్నల్ లాంటి సంస్థ స్వయంగా నిర్వహించే ప్లగిన్‌కి. క్యాలెండర్‌కి ఇంకో అవకాశం ఇవ్వొచ్చు: పైన రాసిన తరహా మెయిల్ పంపి పది రోజులు చూడండి. ఆలోపు లిస్ట్‌తో నడిపించండి. జవాబు రాకపోతే మార్కెట్‌ప్లేస్ రీఫండ్ నియమాలు చదివి అడగండి, మళ్ళీ అదే కాంపొనెంట్ వైపు చూడకండి.

ఖాళీ ప్రాజెక్ట్ పరీక్ష చేశాక ప్లాట్‌ఫారమ్ పేరు, కాంపొనెంట్ వెర్షన్, ఏ ఆండ్రాయిడ్ ఫోన్లలో పోతోందో, లాగ్‌లో మొదటి ఎర్రర్ వరస ఇక్కడ పెట్టండి. బుకింగ్‌ల పట్టికలో ఏ కాలమ్‌లున్నాయో కూడా రాస్తే, కొత్త క్యాలెండర్‌కి ఎలా కలపాలో చూసి చెప్తాను. కీలు, వాడుకరుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం స్క్రీన్‌షాట్‌లో కనపడకుండా చూసుకోండి.